బొమ్మల పీరియడు

డ్రాయింగు సారు పోయాడని నాకు మొదట చెప్పింది మా బిడ్డ. నల్గొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. అక్కడి నుంచి ఫోను చేసి "బాపూ, సారు..." అంది. ఆ తర్వాత ఏడుపే వచ్చింది. ఏ సారు అని నేను అడగలేదు. మా ఇంట్లో ఊరికే సారు అంటే ఆయనొక్కడే.

ఆమె ఏడుస్తున్నంతసేపూ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాను. మా అవ్వ, అంటే తన నానమ్మ, పోయినప్పుడు కూడా ఈ పిల్ల ఇంత ఏడవలేదు. మరి నేను పోతే ఎంత ఏడుస్తుందో అని లోపల ఒక లెక్క మొదలైంది. అది లెక్కలు వేసుకునే సమయం కాదని నాకూ తెలుసు. కానీ లెక్క ఒకసారి మొదలైతే సగంలో ఆపడం నాకు చేతకాదు. తేలిన జవాబు నాకు నచ్చలేదు.

ఆయనకూ నాకూ ఏళ్ల తరబడి ఒక తగువు నడిచింది. పైకి అది బడి టైంటేబుల్ తగువు. మధ్యాహ్నం పూట ఉండే ఒక పీరియడు బొమ్మలకు ఉంచాలా, లెక్కలకు ఇవ్వాలా అని. లోపల మాత్రం అది మా బిడ్డ గురించిన తగువు. ఆ లోపలి సంగతి ఆయనకు తెలుసో తెలియదో నేను ఎన్నడూ కనుక్కోలేదు.

ఆయనది మా దిక్కు కాదు, పాలమూరు అవతల కోస్గి. వాళ్ల నాయిన అక్కడ దుకాణాలకు బోర్డులు రాసేవాడట. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని మూతబడేనాటికి ఈయనకు సర్కారు బడిలో ఉద్యోగం దొరికింది. మా ఊరికి పాత మోపెడ్ మీద వచ్చేవాడు. నల్గొండ రోడ్డు నుంచి బడి దాకా ఉన్నది చిన్న దూరమే. ఆ దూరం రావడానికి ఆయనకు ఎంతసేపు పడుతుందో చెప్పగలిగిన లెక్క నా దగ్గర కూడా లేదు. దారిలో ఎక్కడంటే అక్కడ మోపెడ్ స్టాండు వేసి నిలబడేవాడు. ప్రార్థన అయిపోయాక గేటులోకి వచ్చేవాడు.

"ఇయ్యాల గూడ లేటేనా?" అని హెడ్మాస్టరు పెద్దసారు గద్దించేవాడు.

"చూసుకుంట వచ్చిన సార్."

"ఏం జూసినవయ్యా గంతగనం?"

"సీతాఫలం కాయ మీద ఎండ వడ్డది సార్. ఒక్కొక్క కన్ను ఒక్కొక్క తీరుగున్నది."

పెద్దసారు తల పట్టుకునేవాడు కానీ మెమో ఇచ్చేవాడు కాదు. అదే ఇంకొకరైతే ఇచ్చేవాడని నా నమ్మకం.

ఊళ్లోవాళ్లు ఆయనను పిలిచి మరీ వస్తువులు చూపించేవాళ్లు. అది నాకు ఎక్కడో గుచ్చుకునేది. నడుము వంగిన ముసలామె కూడా గడపలో నిలబడి, "సారూ, మా గుమ్మడిపువ్వు ఎంత పెద్దగ పూసిందో చూసి పో బిడ్డా," అని కేకేసేది. ఆయన నిజంగానే మోపెడ్ దిగి చూసేవాడు. నన్ను కూడా పిలుస్తారు. ఈ చీరకు ఎన్ని పోగులు పడతాయి, ఈ గోడకు ఎన్ని ఇటుకలు కావాలి అని అడగడానికి. నా పుట్టుకలో ఎవరూ నన్ను ఏదైనా చూడమని పిలవలేదు.

నా సంగతి కొంత చెప్పాలి. ఏడో తరగతిలో బడి మానేసి మగ్గం ఎక్కినవాడిని. మాది చిటికి పని. నేయకముందే నూలును చోట చోట రబ్బరు పట్టీలతో కట్టి రంగులో ముంచుతాం. కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పి నేస్తే ఆ ఎక్కని చోట్లన్నీ కలిసి పువ్వో ఏనుగో అవుతుంది. ఎక్కడ కట్టాలో ముందుగా గళ్ల కాగితం మీద తేల్చుకోవాలి. ఆ తేల్చడం నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అందులోంచే భిన్నాలు వచ్చాయి, భిన్నాల నుంచి నిష్పత్తులు వచ్చాయి. ఎదురింటివాళ్ల గైడు అడిగి తెచ్చుకుని బీజగణితం దాకా పోయాను. మా బడిలో లెక్కల సారు పోస్టు ఏళ్లకేళ్లు ఖాళీగా ఉండటంతో, పెద్దసారు పిలిచి పదో తరగతికి నన్నే చెప్పమన్నాడు. తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్‌ను కూడా నేనే. పిల్లలు నన్ను లెక్కల కాక అనేవాళ్లు. లెక్కలు చెప్పే సారు లేని బడిలో బొమ్మలు చెప్పే సారు ఉండటం నాకు మొదటి నుంచీ తిక్కగా ఉండేది.

ఆయన క్లాసులోకి చెరిపే రబ్బరు తేకూడదు. అది ఆయన పెట్టిన ఒకే ఒక చట్టం. "తప్పు పోతే పోయింది, దాన్ని గట్లనే ఉండనియ్యి. దాని పక్కపొంటి సరిగ గియ్యి. అప్పుడు గదా తప్పెక్కడుందో తెలుస్తది," అనేవాడు. నా క్లాసులో తప్పు అంకె ఉంటే దాని మీద ఎర్ర గీత పడేది. ఒకే పిల్లలు, ఒకే బల్లలు. ఒక గంటకు ఒక చట్టం, మరో గంటకు మరో చట్టం. ఆయన చెవి వెనక పెన్సిల్ ముక్క ఒకటి ఉండేది. దాన్ని చాచిన చేత్తో పట్టుకుని, ఒక కన్ను మూసి, బడి వెనక గుట్టను కొలిచేవాడు. గుట్ట పెన్సిల్‌లో సగం వచ్చింది, వేపచెట్టు గుట్టలో మూడో వంతు వచ్చింది అని పిల్లలకు చెప్పేవాడు. కిటికీలోంచి చూసినప్పుడు, నేను వారం రోజులు నోరు నొచ్చేలా చెప్పిన నిష్పత్తి అదేనని నాకు అర్థమైంది. ఆయన ఆ మాట ఒక్కసారి కూడా వాడలేదు.

మా బిడ్డ ఆరో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. మేక బొమ్మ. బాగానే గీసింది. నేను ఏది చూసినా చేసే మొదటి పని లెక్కపెట్టడం.

"నాలుగో కాలేది బిడ్డా?"

"కనవడలే బాపు."

"కనవడకపోవుడేంది? మేకకు కాళ్లు నాలుగా, మూడా?"

"ఉండుడు నాలుగే. నాకు కనవడ్డయి మూడే. ఒకటి ముంగటి కాలెనుక దాగున్నది."

"అయితే పదింటికి నీకు ఏడున్నర మార్కులే ఇయ్యాలె."

"సారు పదికి పది ఇచ్చిండు," అంది, నా చేతిలోంచి పుస్తకం లాక్కుని. "తెలిసింది గియ్యద్దు, కనవడ్డదే గియ్యాలె అని చెప్పిండు."

మర్నాడు పని ఆపుకుని బడికి పోయాను. ఆయన వరండాలో సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు.

"సారూ, మేకకు కాళ్లెన్ని?"

"ఏ మేకకన్నా?"

"ఏ మేకకయినా."

"ఏ మేకకయినా అంటే నాలుగు. మీ బిడ్డ గీసిన మేకకు మూడు." చాయ్ తాగి నవ్వాడు. "రేపు సంతల మేకను కొనేటప్పుడు నాలుగు లెక్కవెట్టుకొనే కొంటదిలే అన్నా. జర ఫికర్ చేయకు."

ఏ మేకకైనా వర్తించే మాట చెప్పగలగడమే లెక్క గొప్పతనం అని చెప్పి ఉండాల్సింది. ఇంటికి వచ్చాక తోచింది. ఆ సాయంత్రం పక్కింటివాళ్లు కట్టేసిన మేక ముందు నిలబడి చూశాను. మూడే కనిపించాయి. కొంచెం జరిగితే రెండే. మేకల మధ్య పుట్టి పెరిగినవాడిని, ఎన్నడూ గమనించలేదు. నా కోపం మేక మీదకు పోలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, బడి వార్షికోత్సవానికి స్టేజీ వెనక కట్టే గుడ్డ ఒకటి నేసి ఇద్దామని నేత పని చేసే తల్లిదండ్రులమంతా అనుకున్నాం. కొత్త రాష్ట్రానికి పాలపిట్టే పక్షి అయింది కనుక పిట్టలే వేద్దామన్నారు. బొమ్మ ఆయనది, గళ్ల లెక్క నాది. అట్ట మీద పిట్టలు గీసి మా ఇంటికే తెచ్చాడు.

"అన్నా, పిట్టలన్నీ ఒక్క దిక్కే పోవాలె. పొద్దుగాల పిల్లలు బడికొస్తరు సూడు, గట్ల."

నేను రెక్క వంపును గళ్లలోకి దించాను. చిటికి పనిలో వంపు ఉండదు, చిన్న చిన్న మెట్లుగా విరిచి చూపించాలి. ఆయన నా భుజం మీదుగా చూసి మూలిగాడు.

"రెక్క మెట్లెక్కుతాందన్నా!"

"నూలుకు వంపు తెల్వదు సారు. మెట్లే తెలుసు."

ఆయన లేచి, గది ఆ చివరికి పోయి గోడకు ఆనుకుని నా కాగితాన్ని చూశాడు. "ఈడికెల్లి చూస్తే మెట్లు కనవడ్తలేవు. భలే ఉపాయం నీది!" అన్నాడు. ఆ ఒక్క సాయంత్రం ఆయన నాకు బాగా నచ్చాడు.

కట్టే పని నలుగురం పంచుకున్నాం. మా పనిలో ఒక అలవాటు ఉంది. నూలు పొడుగంతా ఎవరూ కట్టరు. నడిమికి మడిచి, రెండు పొరలకూ కలిపి ఒకే కట్టు వేస్తారు. సగం కష్టం మిగులుతుంది. విప్పితే ఇటు ఉన్నదే అటు తిరగబడి వస్తుంది. మా చీరల మీద ఏనుగులు, చిలకలు ఎప్పుడూ ఎదురెదురుగా నిలబడేది అందుకే. తాతల నాటి నుంచీ చేతులకు పట్టిన పని అది. పిట్టలు ఒక్క దిక్కే పోవాలన్న మాట అందరం విన్నాం. నూలు చేతికి రాగానే చేతులు వాటంతట అవే మడిచాయి. ఎవరికీ స్ఫురించలేదు.

నేసిన గుడ్డను బడి వరండాలో విప్పినప్పుడు తెలిసింది. సగం పిట్టలు కుడికి పోతున్నాయి, సగం ఎడమకు వస్తున్నాయి. నడుమ రెండు పిట్టలు ముక్కుకు ముక్కు ఆనించి నిలబడ్డాయి.

మా పెద్ద నేతగాడు ఒకాయన నెత్తి కొట్టుకున్నాడు. "మడిచినం రా! అలవాటు సొప్పున మడిచినం! ఇగ ఏం మొఖం పెట్టుకుందుము?"

నేను మళ్లీ కట్టి నేయడానికి ఎంత నూలు కావాలో, ఎన్ని చేతులు కావాలో మనసులో వేసుకుంటున్నాను. డ్రాయింగు సారు చేతులు వెనక్కి కట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు నడిచాడు. మళ్లీ ఆ కొసకు పోయాడు. పిల్లలు, మేము, పెద్దసారు, అందరం ఆయన మొఖమే చూస్తున్నాం.

"సగం మంది బడికొస్తున్నరు," అన్నాడు ఆఖరికి. "సగం మంది ఇంటికి పోతున్నరు. నడుమల ఒకర్నొకరు పలకరిస్తున్నరు. క్యా బాత్! నేను గియ్యంది మీరు గీసిన్రు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. నెత్తి కొట్టుకున్న మా పెద్దాయన కూడా నవ్వేశాడు. ఆ గుడ్డ స్టేజీ ఎక్కింది. వార్షికోత్సవానికి వచ్చిన అధికారి మైకులో డ్రాయింగు మాస్టారి ఊహను మెచ్చుకున్నాడు. ఆయన లేచి, "నాది కాదు సార్, నేతోళ్లది," అన్నాడు. దాంతో ఆయన వినయాన్ని కూడా మెచ్చుకున్నారు. కాదన్న కొద్దీ పేరు ఆయనకే చెందింది. గళ్లు నావి, కట్లు మావి, పొరపాటు కూడా మాదే. ఆయన చేసింది రెండు మూడు వాక్యాలు మాట్లాడటం.

ఇంటికి వస్తూ మా బిడ్డ అంది, "సారు చెప్పకుంటే గుడ్డ కరాబయిందనే అనుకుందుము గదా బాపు."

"అవు," అన్నాను.

ఇక ఆ పీరియడు సంగతి. మా బిడ్డ తొమ్మిదో తరగతి అయిపోయే ముందు, పదో తరగతి టైంటేబుల్ కోసం కమిటీ మీటింగు పెట్టారు. అంతకు ముందటి ఏడు పదిలో లెక్కల్లో తప్పినవాళ్లు ఎక్కువున్నారు. చైర్మన్‌గా నేనే లేచి మాట్లాడాను.

"పదిల లెక్కల్లో తప్పినోడు మళ్ల బడి మొఖం చూడడు. బొమ్మల్ల తప్పినోడు ఎవడన్న ఉన్నడా ఊళ్లె? పట్నంల ఫీజులు కట్టే బళ్లల్ల రెండూ చెప్తరు, డాన్సు గూడ చెప్తరు. మన పిల్లలకు ఉన్నది గీ ఒక్క గంట. తిండికి సాలనప్పుడు ముందు జొన్నలు చూస్తమా, పూలు చూస్తమా?"

అందరూ అవునన్నారు. ఆ మాటల్లో ఒక్కటి కూడా నేను ఇవాళ్టికీ వెనక్కి తీసుకోను. పెద్దసారు డ్రాయింగు సారు వైపు తిరిగాడు. "నువ్వేమంటవయ్యా?"

ఎన్ని వాదనలు తెస్తాడో, దేనికి ఏం చెప్పాలో నేను ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని పోయాను. ఆయన లేచి, చెవి వెనక పెన్సిల్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అన్న చెప్పింది నిజమే సార్. నాకు లెక్కలు రాక నేను పది మళ్ల మళ్ల రాసిన. గా బాధ నాకెరికే. తీసుకోనియ్యిండ్రి."

అంతే. కూర్చున్నాడు. నేను సిద్ధం చేసుకున్నవన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. ఎదుటివాడు దిగని కుస్తీలో గెలిచినట్టు అయింది. బయటకు వచ్చాక, వరండాలో నిలబడి అంతా విన్న మా బిడ్డ నా వెంట నడవలేదు. దోస్తులతో ముందు పోయింది.

జూన్‌లో బడి తెరిచారు. ఆ పీరియడుకు సుద్దముక్క పట్టుకుని క్లాసులోకి పోయేసరికి చివరి బల్ల మీద ఆయన కూర్చుని ఉన్నాడు. ముందు ఒక నోటుపుస్తకం, చేతిలో పెన్సిల్.

"ఏంది సారు?"

"నన్ను బయటికి పంపకన్నా. నాకు గీ గంట ఖాళీ చేసింది నువ్వే గదా. లెక్కలు నేర్చుకుంట."

పిల్లలు కిసకిసా నవ్వారు. ఎగతాళికి వచ్చాడనుకున్నాను. రెండో రోజూ వచ్చాడు, మూడో రోజూ వచ్చాడు. నిజంగానే నేర్చుకున్నాడు. చాలా మొద్దు విద్యార్థి. సమీకరణంలో ఇటు అంకెను అటు పంపితే గుర్తు ఎందుకు మారుతుందో ఆయనకు ఎంతకీ ఎక్కేది కాదు. ఒకరోజు చెయ్యి పైకెత్తాడు.

"అన్నా, గీ ఎక్స్ అనేటోడు ఎవడు? రోజూ వాని మాటే మాట్లాడుతున్నవ్, ఒక్కనాడు మొఖం చూపించవైతివి."

క్లాసంతా ఘొల్లుమంది. నాకు కోపం వచ్చింది కానీ జవాబు కూడా వచ్చింది. "వాడు దాగినోడు సారు. మొఖం కనవడది. వాని సుట్టున్నోళ్లను ఒక్కొక్కల్ని పక్కకు జరుపుకుంట పోతే, ఆఖరికి వాడొక్కడే నిలవడ్తడు."

"అరే! దొంగను వట్టినట్టా?"

"దొంగను వట్టినట్టే."

ఆ రోజు క్లాసులో ఎవరికీ సమీకరణం తప్పు పోలేదు. చెప్పింది నేను. కానీ పిల్లలు ఆ తర్వాత దాన్ని గుర్తు చేసుకున్నప్పుడల్లా, 'డ్రాయింగు సారు అడిగిన దొంగ లెక్క' అనే అన్నారు. నా గంట, నా బల్ల, నా జవాబు. పేరు ఆయనది. ఆ గంటను తీసుకున్నది నేనా, ఆయనా అని ఒక్కోసారి అనుమానం వచ్చేది.

ఒకసారి ఒక లెక్క మొత్తం సరిగ్గా చేసి, పిల్లల్లాగే పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. టిక్కు పెట్టాను. ఆ టిక్కును చాలాసేపు చూసి, "కొంగ లేచినట్టున్నదన్నా," అని మెల్లగా చెప్పి వెళ్లి కూర్చున్నాడు. ఈ సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎందుకో చెప్పబుద్ధి కాలేదు.

ఆ ఏడే ఘనపరిమాణాలు చెబుతున్నాను. అర్ధగోళం మీద శంకువు. నేను బోర్డు మీద గీస్తే పనసకాయ మీద టోపీ పెట్టినట్టు వచ్చింది. పిల్లలకు ఏం అర్థం కాలేదు. మా బిడ్డ లేచి వచ్చి, నా చేతిలో సుద్దముక్క తీసుకుని ఒక్క ఊపున గీసింది. వెనక దాగిన అంచును చుక్కలు పెట్టి చూపింది. చూడగానే ఆ రూపం బోర్డులోంచి బయటకు వచ్చి నిలబడింది. ఏది దేనికి అంటుకుని ఉంది, దేన్ని కలపాలి, దేన్ని వదిలేయాలి అన్నది నేను నోరు తెరవకముందే చెప్పేసింది. ఆ చుక్కలు నేను నేర్పినవి కావు. చివరి బల్ల వైపు చూశాను. ఆయన తనకేమీ సంబంధం లేనట్టు కిటికీలోంచి గుట్టను చూస్తున్నాడు. కనీసం గర్వంగా నవ్వినా బాగుండేది. మనసులో తిట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

ఆ ఏడు మా బడిలో లెక్కల్లో తప్పినవాళ్లు బాగా తగ్గారు. అది ఆ పీరియడు మహిమే. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను. మా బిడ్డకు మంచి మార్కులు వచ్చాయి. ఇంటర్లో లెక్కలు తీసుకుంది, డిగ్రీలోనూ లెక్కలే తీసుకుంది. తండ్రి బుర్ర వచ్చిందని ఊరంతా అన్నారు. కాగితం మీద గెలిచింది నేనే. సెలవులకు వచ్చినప్పుడల్లా మాత్రం బ్యాగు గడపలో పెట్టి, నీళ్లు కూడా తాగకుండా, సారును చూసి వస్తానని బడికి పోయేది. వచ్చాక ఆయన ఏమన్నాడో చెప్పేది. నేను తలాడించేవాడిని.

సెలవులకు కోస్గి పోయినప్పుడు ఆయనకు ఇంటి దగ్గరే గుండె ఆగిందట. మేమందరం జీపు మాట్లాడుకుని పోయాం. మట్టి ఇచ్చే వరుసలో నేనూ నిలబడి పిడికెడు మట్టి వేశాను. నా ముందూ వెనకా ఉన్నవాళ్లంతా ఆయన దగ్గర చదివినవాళ్లు. వాళ్లలో చాలామంది నా దగ్గరా చదివినవాళ్లే. ఒకడు నన్ను చూసి, "కాకా, నువ్వు గూడ వచ్చినవా?" అన్నాడు. ఆ 'గూడ' నన్ను జీపులో తిరిగి వచ్చేదాకా వదలలేదు.

బడి తెరిచిన వారంలో పెద్దసారు నన్ను పిలిపించాడు. కమిటీలో నేను ఇప్పుడు లేను. లెక్కల మాట వస్తే మాత్రం పిలుస్తాడు. ఈమధ్యనే బడికి కొత్త లెక్కల సారు వచ్చాడు. ఆరు నుంచి తొమ్మిది దాకా బొమ్మల పీరియడ్లు ఇంకా టైంటేబుల్లో ఉన్నాయి.

"గీ డ్రాయింగు పోస్టుల ఇప్పట్ల ఎవరూ రారు," అన్నాడు పెద్దసారు. "గా పీరియడ్లన్నీ లెక్కలకు ఇచ్చేస్తున్న. ఎప్పుడో నువ్వన్నమాటే. ఇగ గా గంట నాదనెటోడు గూడ లేడు. సరేనా?"

నేను ఊ అంటే సరిపోతుంది. ఏళ్ల నాటి తగువు మొత్తం ఒక్క అక్షరంతో నా వైపు తేలిపోతుంది.

"వద్దు సారు," అన్నాను.

"వద్దా? మరి ఎవరు చెప్తరు?"

"ఎవరూ చెప్పకున్నా మానె. కాయితాలిచ్చి బయట కూసుండవెట్టుండ్రి."

"కూసుండి ఏం జేస్తరు?"

"ఏం కనవడితే గది గీస్తరు."

పెద్దసారు కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. "నువ్వేనా మాట్లాడేది? గానాడు జొన్నలు, పూలు అని నిలవడి కొట్లాడితివి."

"గానాడు ఆయన ఉండె సారు. ఉన్నోనితోని కొట్లాడిన. లేనోని జాగల మంచమేసుకొని పండితే నన్నేమంటరు?"

పెద్దసారు టైంటేబుల్ మడిచి సొరుగులో పెట్టాడు. నా మనసు మారిందని ఎవరూ అనుకోవద్దు. రేపు పదో తరగతిలో పిల్లలు మళ్లీ తప్పితే, మళ్లీ పోయి అదే గంట అడుగుతాను. బీదవాడి పిల్లకు ముందు లెక్క రావాలి. ఆ మాట మీదే ఉన్నాను. కానీ ఆ గంటను నేను ఆయన దగ్గర గెలవాలనుకున్నాను. ఆయన మరణం దగ్గర కాదు.

ఆ శనివారం మా బిడ్డ వచ్చింది. బస్సు దగ్గరికి నేనే పోయాను. దిగీ దిగకముందే నా చెయ్యి పట్టుకుంది. ఎన్నేళ్లకు పట్టుకుందో.

"బాపూ, బొమ్మల పీరియడు ఉంచుమన్నవంట గదా! నా దోస్తు ఫోన్ల చెప్పింది."

"ఆఁ," అన్నాను. తర్వాతి మాట కోసం ఆగాను. ఆ మాట నా గురించే అయి ఉంటుందని నమ్మకంగా ఉన్నాను.

"సారు ఉండి వింటే ఎంత సంబురపడునో బాపు!" అంది. కళ్లల్లో నీళ్లు నిండాయి.

"అవు బిడ్డా. బాగ సంబురపడును," అన్నాను. ఇంకేమనను?

బ్యాగు నేను భుజానికి వేసుకున్నాను. ఇంటి దాకా ఆయన గురించే మాట్లాడుతూ నడిచింది. సగం దారిలో, ఉండబట్టలేక, ఆయన లెక్క చేసి తెచ్చి చూపించిన రోజు నా టిక్కును చూసి ఏమన్నాడో చెప్పాను. ఆమె రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

"గీ ముచ్చట నాకెప్పుడూ చెప్పలే నువ్వు," అంది నా మొఖంలోకి చూస్తూ. "ఇంకేమన్నడు బాపు? చెప్పవూ?"

ఇంకా ఉన్నాయి, ఇంట్లో కూర్చున్నాక ఒక్కొక్కటే చెబుతానన్నాను.